ముప్పై ఏడో పాట

ఆ రోజు పొద్దున బటన్ నొక్కగానే లోపల ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. అర చుట్టు తిరిగింది. మూడోసారి అది కూడా లేదు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. ఆ కంప్యూటర్‌కీ నాకూ మొదటి నుంచీ పడేది కాదు. కర్నూలులో ఏదో ఆఫీసు వాళ్లు వాడి వదిలించుకున్న దాన్ని మా నాయన కొనుక్కొచ్చి, బేతంచెర్లలో మా కిరాణా అంగడి పక్కగదిలో పెట్టించాడు. పెళ్లికార్డులు, కరపత్రాలు, అర్జీలు టైపు చేసే డీటీపీ సెంటర్ నాది. సెంటర్ అనేది బోర్డు మీది మాట. లోపల ఉన్నది ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక స్టూలు, ఒక ప్రింటరు, పొద్దున్నే లేవడానికి మొండికేసే ఈ ముసలి డబ్బా. పదిసార్లు నొక్కితే ఒకసారి లేచేది. పక్కన రెండు దెబ్బలు తగిలిస్తే కొంచెం తొందరగా లేచేది. ఎందుకు లేవడం లేదో చూడాలని నాకు ఒక్కరోజూ తోచలేదు. లేచింది కదా, పని నడుస్తోంది కదా అనుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చాను.

ఆ రోజు తగిలించినా లేవలేదు. గడప బండ మీద అవ్వ కూర్చుని నన్నే చూస్తోంది.

అవ్వ, ఊరంతా ఉపదేశి తాత అని పిలిచే ఆయన భార్య. తాత ఊరి చివర చర్చిలో ఉపదేశి. వారమంతా నాపరాయి గనిలో ఉలి పట్టేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. పాటలు కట్టేవాడు. గీతల నోటుబుక్కులో రాసుకున్న ఆ పాటలన్నీ ఒక పుస్తకంగా రావాలని ఆయన కోరిక. ఏడాదిగా ప్రతి శనివారం గని నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుని, ఒక్కో లైను మెల్లగా పాడేవాడు. నేను టైపు చేసేదాన్ని. పాడుతూ పాడుతూనే మాట మార్చేవాడు. "ఉండు పాపా, ఈ మాట గొంతులో తట్టుకుంటాండాది, ఇంకోటి పెడదాం" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ మార్చిన మాట నిజంగానే బాగుండేది.

"ఒక కాపీ తీసియ్యమ్మా, ఇంటికాడ పెట్టుకుంటా" అని ఒకటి రెండుసార్లు అడిగాడు. "తునకలు తునకలుగా ఎందుకు తాతా? అన్నీ అయినాక ఒకేసారి తీస్తా" అన్నాను. ఫ్లాపీలో ఒక నకలు దాచుకోవాలని నాకు తెలుసు. తెలిసీ చేయలేదు.

ఒక గురువారం గనిలో మధ్యాహ్నం సద్ది తిని నీడన పడుకున్న తాత మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు.

సమాధి రోజు నేనూ వెళ్లాను. ఆ సంఘంలో వాక్యం చెప్పినవాడి చేతుల కింద ఆయన చదివిన బైబిలు పెట్టి పంపడం అలవాటు. కానీ తాత బైబిలు సంఘానిది, తర్వాత వచ్చే ఉపదేశికి చెందాలి. బైబిలు లేకుండా పంపడానికి అవ్వకు మనసొప్పలేదు. అప్పుడు సంఘపెద్ద, "ఆయప్ప పాటల బుక్కు పెడదాం, అదీ దేవుని మాటే గదా" అన్నాడు. ఎవరో సందేహపడ్డారు. పాటలు పోతాయి కదా అన్నారు. అందరూ నా వైపు చూశారు. అంతమందిలో నా ఒక్కదాని మాటకోసం అందరూ ఆగడం నాకు కొత్త. గొప్పగా అనిపించింది, ఎందుకు దాచాలి.

"అన్నీ కంప్యూటర్‌లో ఉండాయి. పెట్టండి" అన్నాను.

తాత చేతులు కొంచెం పైకెత్తి, వాటి కింద నోటుబుక్కు పెట్టారు. పెట్టె మూసి మేకులు కొట్టారు.

ఇప్పుడు నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. ఆరు రోజులుంది. కూడికలో పాటల పుస్తకం పంచాలని అనుకున్నారు. నేను పేజీలు తీసిస్తే నంద్యాలలో ప్రెస్సు వాళ్లు రెండు రోజుల్లో అచ్చేసి ఇస్తామన్నారు. అవ్వకు చదువు రాదు. ఏ పాట ముందు రావాలో చెప్పడానికి, నేను చదువుతుంటే వినడానికి వచ్చింది. ముహూర్తాల రోజులు కావడంతో ఈ నెల పైచిలుకు నేను పెళ్లికార్డుల్లో మునిగి ఆ ఫైలు తెరిచే తీరిక చేసుకోలేదు.

"ఏమమ్మా, పలకలేదా?" అంది అవ్వ.

"కరెంటు సరిగా లేదవ్వా. రేపు రా" అన్నాను. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అవ్వ దాని వైపు ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగాక స్క్రూలు విప్పి సీపీయూ పక్క రేకు తీశాను. లోపల తెల్లగా ఉంది. దుమ్ము ఉంటుందని తెలుసు. మా ఊళ్లో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల రాతిపిండి పాలల్లోకీ వస్తుంది, పక్కల్లోకీ వస్తుంది. కానీ ఇది దుమ్ములా లేదు. గోడకు సున్నం పట్టినట్టు పట్టి ఉంది. కరెంటు పెట్టె ఫ్యాను రెక్కలు కదలడం లేదు. ప్లగ్గు పీకి, చీపురు పుల్లతో రెక్కల్ని నెట్టి నెట్టి వదులు చేశాను. మళ్లీ ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు మొదలైంది బీప్. పొడుగ్గా ఒకటి. ఆగి ఇంకొకటి. స్క్రీను మాత్రం నల్లగా ఉంది. ఆ చప్పుడుకు అర్థం నాకు తెలుసు. మెమరీ ముక్క సరిగా అతుక్కోలేదని అది అరుస్తుంది. ముక్క ఊడబీకి, దాని బంగారు గీతలను రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాను. బీప్. ఇటు గాడిలో పెట్టాను. బీప్. అటు గాడిలో పెట్టాను. బీప్. సాయంత్రం దాకా అదే పని. ఆ చప్పుడు విని మా నాయన అంగడి నుంచి తొంగి చూసి, "ఏమైందే?" అని అడిగితే, "ఏం కాలేదు, నీ పని చూసుకోపో" అని కసిరాను.

దీపాలు పెట్టే వేళకు సంఘపెద్ద వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "పేజీలు యాడిదాకా వచ్చినాయమ్మా?" అన్నాడు.

"చేస్తాండా. రెండు దినాల్లో ఇచ్చేస్తా."

ఆయన పోబోతూ ఆగి, నవ్వుతూనే అన్నాడు. "నువ్వు ఉండాయన్నావు గాబట్టి సరిపోయింది. లేదంటే పెట్టె మల్లా తెరిచేది కాదు గదా."

ఆ నవ్వుకు నేనూ నవ్వాను. ఆయన వెళ్లాక కుర్చీలో కూలబడ్డాను. అవ్వను అడిగితే పాటలు చెప్పలేదా అని ఆలోచించాను. పల్లవులు ఆమెకు వచ్చు. తాత ఇంట్లో పల్లవులే పాడుకునేవాడు, చరణాలు నోటుబుక్కులో ఉండేవి. చర్చిలో పాడేవి ఎనిమిదో పదో. మిగిలినవన్నీ ఈ డబ్బాలో ఉన్నాయి. ఈ డబ్బాలో లేకపోతే మట్టిలో ఉన్నాయి.

మరునాడు సీపీయూను దుప్పటిలో చుట్టి కర్నూలు బస్సెక్కాను. కండక్టరు పైన వేయమన్నాడు. వేయనన్నాను. సీటు కింద పెట్టమన్నాడు. అదీ వినలేదు. రెండు గంటలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా లోపల ఏదో కదిలినట్టు వినిపించి ఇంకా గట్టిగా హత్తుకునేదాన్ని.

కర్నూలు మెకానిక్ కుర్రతనం వదలని మనిషి. చెయ్యి మాత్రం చురుకు. రేకు తీసి బ్లోయరుతో ఊదాడు. పైపిండి లేచి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. "బోర్డు పోయినట్టుండాదిలే అక్కా. నీకు కావాల్సింది డిస్కులోదే గదా" అంటూ నా హార్డ్ డిస్కు విప్పి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఇది నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. కళ్లు తెర మీదే పెట్టి నిలబడ్డాను.

చాలాసేపటికి తెర మీద ఒక చిన్న గడి వచ్చింది. ఈ డిస్కు ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చేయమంటారా అని అడుగుతోంది. కింద అవును, కాదు అని రెండు బటన్లు. అతని చేతిలో మౌసు బాణం అవును మీదికి జారుతోంది.

"ఏం చేస్తాండావు?"

"ఫార్మాట్ కొడతాండా. కొత్తదాని మాదిరి అయితాది."

ఫార్మాట్ అంటే మొత్తం తుడిచేయడం. అతని చేతిని మౌసుతో సహా పట్టుకుని లాగేశాను. మౌసు బల్ల మీద నుంచి జారి తీగతో వేలాడింది. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"అందులో చచ్చిపోయిన మనిషి పాటలుండాయప్పా!"

అతను బిత్తరపోయాడు. ఇంకేం చేయలేనన్నాడు, డిస్కు చెడిపోయి ఉంటుందన్నాడు, నొచ్చుకుంటూనే దాన్ని మళ్లీ నా డబ్బాలో బిగించిచ్చాడు. తిరుగు బస్సులో ఆ డబ్బా మీద తల ఆనించి ఏడ్చాను. పక్కసీటు ఆమె ఎవరు పోయారని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

మూడోరోజు పొద్దున నేను అంగడి తెరిచేసరికి అవ్వ గడప బండ మీదే ఉంది. ఇక అబద్ధాలు అయిపోయాయి. రేకు తీసి లోపల చూపించాను. "ఇది లేయడం లేదవ్వా. పాటలు దీంట్లోనే ఉండాయి. లేస్తే ఉండాయి, లేయకపోతే లేవు" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

అవ్వ దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఇరవై ఏళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తిన మనిషి. వేలు పెట్టి, మెమరీ ముక్క గుచ్చే గాడి అంచున పేరుకున్న తెల్లదాన్ని గోటితో తాకింది.

"ఇది దుమ్ము గాదు పాపా. తడిసిన పిండి. మిషను కాడ నీళ్లు పడి పేరుకునేది ఇదే. దీనికి నీళ్లెట్లొచ్చినాయి?"

నేను కిటికీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. ఎండాకాలం మొదలవగానే, దుమ్ము రాకుండా, గదికి చల్లగాలి రావాలని, ఆ కిటికీకి గోనెపట్టా వేలాడదీసి రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లుతూ వచ్చాను. మా ఊళ్లో అందరూ చేసేదే. ఫ్యాక్టరీల్లో రాయి కోసేటప్పుడు పిండి లేవకుండా నీళ్లు పోస్తారు, అదే చూసి నేర్చుకున్నాం. కంప్యూటర్ ముడ్డి సరిగ్గా ఆ కిటికీకి ఆనుకుని ఉంది. దాని ఫ్యాను ఆ తడిగాలినీ పిండినీ కలిపి ఎండాకాలమంతా లోపలికి పీల్చుకుంది. దాన్ని కాపాడుతున్నానని ఎంత మురిసిపోయానో. నా చేతులతో నేనే దాని గొంతులో సున్నం పోశాను.

"గీకొద్దు. పచ్చిమీద గీకితే ఇంకా లోపలికి పోతాది. బాగా ఎండనియ్యి. ఎండినాక మెత్తటి కుంచెతో అంటే అదే రాల్తాది" అంది అవ్వ.

గోనెపట్టా పీకి బయట పారేశాను. ముక్కలన్నీ విప్పి, మిద్దె మీద రేకుల పంచ కింద తెల్లగుడ్డ పరిచి ఒక్కొక్కటి పెట్టాను. ఎండ నేరుగా తగలకూడదు, వడగాలి తగలాలి. ఆ రోజంతా అవ్వ, నేను వాటికి రెండు వైపులా కూర్చున్నాం. కాకి వాలితే అవ్వ తోలేది. నాకు నిమిషం గడవడం కష్టంగా ఉంది. ఆమె మాత్రం పల్లవి ఏదో గొణుక్కుంటూ కూర్చుంది. చరణం దగ్గరికి రాగానే ఆగి మళ్లీ పల్లవి ఎత్తుకునేది.

నాలుగోరోజు మధ్యాహ్నం కుంచె పట్టాం. అవ్వ చెప్పినట్టే పిండి పొడిపొడిగా రాలింది. గాడుల్లోంచి, తీగల మూతుల్లోంచి రాలింది. డిస్కు వెనక సూదుల వరుస మధ్యలో కూడా తెల్లటి పొర కనిపించింది. కర్నూలులో బ్లోయరుకు లొంగనిది అదే. ఒక్కో సూది చుట్టూ కుంచె కొసతో తుడిచాను. వంకర పోతే అంతే సంగతులు.

అన్నీ బిగించేసరికి రెండున్నర. మూడింటికి కరెంటు తీసేస్తారు, మళ్లీ ఆరింటికి ఇస్తారు. ఆరింటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. బటన్ నొక్కాను.

ఫ్యాను తిరిగింది. ఒకే ఒక చిన్న బీప్. అది మంచి బీప్. తెర మీద అక్షరాలు వచ్చాయి. గడియారం బ్యాటరీ చచ్చినట్టుంది, తేదీ ఎప్పటిదో పాతది చూపించి, ముందుకు పోవాలంటే మీట నొక్కమంది. నొక్కాను. డిస్కు కనిపించడం లేదంది. ప్లగ్గు పీకి, డిస్కు పట్టీ తీగను ఊడదీసి, మళ్లీ అదిమి పెట్టి, మళ్లీ మొదటి నుంచి. బీప్. పాత తేదీ. మీట. ఈసారి డిస్కు లోపల కరకర చప్పుడు మొదలైంది. అవ్వ నా భుజం పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండు రోజులు నొప్పి పోలేదు.

తెర నీలంగా మారింది. కంప్యూటర్ లేచినప్పుడు వచ్చే మబ్బుల బొమ్మ వచ్చింది. ఫైలు ఉంది. తెరిచాను. మొదటి పాట కళ్లముందు నిలబడింది.

చదవడానికి ఆగలేదు. ముందు కాగితం మీదికి రావాలి. ప్రింటు కొట్టాను. మా ప్రింటరు నింపాదిగా, పేజీకి ఒక పాట చొప్పున కక్కుతోంది. వస్తున్న పేజీలను నేను లాక్కుని అవ్వ ఒళ్లో పెడుతున్నాను. పది. ఇరవై. గోడ గడియారం మూడుకు అయిదు నిమిషాల దూరంలో ఉంది. ముప్పై. ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడో పేజీ బయటపడింది, పైన నాలుగు లైన్లు, కింద అంతా తెల్లగా. సిరా అయిపోయిందనుకుని తెర మీద ఫైలు చివరికి దిగి చూశాను. తెర మీద కూడా అంతే ఉంది.

*బండ చీలిస్తే లోపల*
*చల్లదనం దాచినవాడా,*
*ఎండిన నా గొంతులో ఏ ఊట దాచినావయ్యా*
*ఉలి పట్టిన నా చేతిని*

దాని తర్వాత గీత ఒకటి కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే కరెంటు పోయి తెర ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. తాత వచ్చిన ఆఖరి శనివారం. ఈ డబ్బా లేవక ఆయన గంటన్నర స్టూలు మీద కూర్చున్నాడు. లేచాక నాలుగు లైన్లు కొట్టామో లేదో పెళ్లివాళ్లు వచ్చి కార్డులకోసం మీదపడ్డారు. నాకు డబ్బా మీద కోపం, పెళ్లివాళ్ల మీద కోపం. చూపించింది తాత మీద. "ఇంకెన్ని ఉండాయి తాతా? నీ పాటలతోనే నా బతుకు తెల్లారేట్టుండాది. వచ్చే శనివారం రాపో" అన్నాను. ఆయన నోటుబుక్కు మూసి, "సరే పాపా, ఇదొక్కటే మిగిలుండాదిలే" అని వెళ్లిపోయాడు. తర్వాతి శనివారానికి ముందు ఆ గురువారం వచ్చింది.

మిగతా పాట నోటుబుక్కులో ఉంది.

అవ్వ ఒళ్లో కాగితాల కట్ట పట్టుకుని ఏడుస్తోంది, సంతోషంతో. నా తల నిమిరింది. ఆ నాలుగు లైన్లూ పుస్తకం చివర అలాగే అచ్చు వేయించాను. తీసేయడానికి చెయ్యి రాలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

కూడిక రోజు చర్చిలో పుస్తకాలు పంచారు. అవ్వ పల్లవి అందిస్తే ఒక్కో పాట ఎత్తుకుంటుంటే, ఏడాదిపాటు ఆయన గొంతులో ఒక్కదాన్నే విన్నవి అంతమంది గొంతుల్లో వింటుంటే, గర్వం కలగాల్సిన చోట దడ పుట్టింది. ఆఖరి పాట దాకా వచ్చారు. ఆ నాలుగో లైను పాడి, తర్వాతేమిటో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. పేజీ తిప్పి చూశారు. అవతల అట్ట ఉంది.

అవ్వ నా పక్కనే కూర్చుంది. ఆమెకు అక్షరాలు తెలియవు, ఖాళీ తెలుసు. బొటనవేలితో ఆ తెల్ల జాగాను పైనుంచి కిందికి తడిమి, "ఈడ రాతలు లేవే. ఎందుకమ్మా?" అంది.

చెప్పాను. ఆ శనివారం గురించి, నేను అన్న మాట గురించి, ఒక్కటీ దాచకుండా చెప్పాను. సంఘపెద్ద వింటున్నాడు. వెనక వరుసల వాళ్లు వింటున్నారు.

అవ్వ ఆ పేజీ మీంచి బొటనవేలు తీసింది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడులే. పాప మిషను మొండికేసింది, పాపం శానా అలిసిపోయుండాది, వచ్చే వారం పోతా అని" అంది. తర్వాత పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "ఆ పాట ఆయప్ప కాడే ఉండాది గదా. పోనీలే. ఒక్కటన్నా ఆయప్పకు ఉండనియ్యి."

ఆమె అంత సులువుగా వదిలేసింది. నాకు చేతకాలేదు, ఇప్పటికీ కాదు. ఆ పాట తాత చేతుల కింద ఉంది. అక్కడ పెట్టమని చెప్పింది నేను.